బిరుదులు పూర్తయితేనే వెలిగే దీపం

గండభేరుండ పక్షి మీద ఎక్కి సముద్రం దాటాలనుకునేవాళ్ళకి ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. ఆ పక్షికి రెండు తలలు, ఆ రెండు తలలకీ ఒకదాంతో ఒకదానికి పడదు. కుడి తల తూర్పంటే ఎడమ తల పడమరంటుంది. వీపు మీద కూర్చున్నవాణ్ణి ఎటు పోవాలని ఏ తలా అడగదు. తెరచాపలు కుట్టుకుని బతికే కొమరనకి ఈ సంగతి సగం సముద్రం దాటాక తెలిసింది. మిగతా సగంలో రెండు తలలూ ఒక ఎగిరే చేప కోసం కొట్టుకున్నాయి, పక్షి బొంగరంలా తిరిగింది, కొమరన జారిపోయి, గాల్లో గిరికీలు కొట్టి, తిమింగలదిబ్బ అనే దీవి ఒడ్డున ఎండుచేపల కుప్పలో తలకిందులుగా దిగాడు.

వాసన సంగతి పక్కన పెడితే, అంతకన్నా మెత్తటి చోటు ఆ దీవిలో ఇంకోటి లేదు.

లేచి, నోట్లోని చేపతోక ఊసేసి, ముందు సముద్రం కేసి చూశాడు. పొద్దు బాగా వాలింది. అక్క పడవ ఇంకా కనబడలేదు, అదొక్కటే మంచిమాట. అక్క పేరు ముత్యాలు. తల్లి పోయాక కొమరనని ఎత్తుకుని పెంచింది ఆమే. ధూమకంఠుడనే మాంత్రికుడు ఆమెనీ, ఇంకొందరు ఆడవాళ్ళనీ తన దీవిలో బంధిస్తే, నిన్ననే కొమరన వాళ్ళందర్నీ విడిపించి ఒక చేపల పడవ ఎక్కించాడు. తెడ్డు పట్టుకుంటూ ముత్యాలు ఒకటే మాట చెప్పింది.

"నువ్వు ముందు పోరా. ఆ తిమింగలదిబ్బ మీద దీపం వెలిగించమని చెప్పు. మేం వచ్చేసరికి చీకటి పడుద్ది. దీపం లేకపోతే మొసలికోరల్లోంచి పడవ తేవడం నావల్ల కాదు, మన నాన్న వల్లా అయ్యేది కాదు."

మొసలికోరలంటే దీవి చుట్టూ నీళ్ళలో దాక్కున్న రాళ్ళు. వాటి మధ్య ఒకటే దారి ఉంది, అది దీపం వెలుగులో తప్ప కనబడదు. చీకటి పడేలోపు దీపం వెలగాలి. వెలగకపోతే అక్క లేదు.

కొమరన తిరిగి దీపస్తంభాన్ని చూశాడు, చూసి కాసేపు ఎందుకొచ్చాడో కూడా మర్చిపోయాడు. అడుగున ఏనుగు వీపులా నున్నగా నల్లరాతి అరుగు. దానిమీద ఎర్రరాతి అంతస్తు, గోడ నిండా పిల్లల్ని వీపున మోస్తున్న తిమింగలాలు, జడలు విరబోసుకున్న మత్స్యకన్యలు. ఆపైన తెల్లటి పాలరాతి అంతస్తు, చుట్టూ తొండాలెత్తి నిలబడ్డ రాతి ఏనుగులు. ఆపైన పచ్చరాయి, ఆపైన నీలంరాయి, ఒక్కో అంతస్తుకీ చిలకలు వాలిన పిట్టగోడలు. అన్నిటికీ పైన, పడమటి ఎండలో ధగధగలాడుతూ, తామరమొగ్గ ఆకారంలో స్ఫటికమండపం. దీపం ఉండేది అందులోనే. ఇంత గొప్ప దీపస్తంభం ఏడు సముద్రాల్లో లేదని రత్నవేల రాజ్యంలో అందరూ చెప్పుకుంటారు. చెప్పుకోవడంలో తప్పేం లేదు.

కాకపోతే దాని చుట్టూ ఉన్న ఇళ్ళు చూస్తేనే కొమరనకి ఏదో తేడాగా అనిపించింది. ఒక ఇంటి వాకిలి తలుపు ఓడ చుక్కాని. ఒక ఇంటి దూలం తెరచాప కొయ్య. ఒక పూరింటి ముంగిట, ఏదో దూరదేశపు ఓడ ముందుభాగాన ఉండాల్సిన చెక్క అప్సరస నిలబడి చేతుల మీద తడిబట్టలు ఆరేసుకుంటోంది. దీపస్తంభం ఉన్న దీవిలో ఇన్ని పగిలిన ఓడలేమిటని ఆలోచించేంత తీరిక లేక, స్తంభం దగ్గరికి పరిగెత్తాడు.

నల్లరాతి అరుగు మీద ఎర్ర తలపాగా, పట్టు శాలువ, చెంబెడు మిరియాల కషాయంతో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆయన పేరు పింగళభట్టు, రాజుగారి బిరుదులు చదవడం ఆయన ఉద్యోగం. ఆయనకెదురుగా, గోడలో తలుపుండాల్సిన చోట, మనిషి ఎత్తు కంచు ముఖం ఒకటి. కోరమీసాలు, మూసిన కళ్ళు, తృప్తిగా ఉన్న పెదాలు. భట్టు దానికేసి చూస్తూ, గొంతు బొంగురుపోయి, చదువుతున్నాడు.

"తరంగశిరశ్ఛేదక, ఉప్పునీటి ఉగ్రకేసరి, సొరచేపలగండ, ఎండ్రకాయల మదభంజన..." అక్కడ ఆగి గుటకెడు కషాయం తాగాడు. "ఊ, ఎవరు నాయనా నువ్వు?"

"దీపం ఎప్పుడు వెలిగిస్తారండీ, భట్టుగారూ?"

"ఎప్పట్లాగే. తెల్లారగానే."

"తెల్లారాక దీపం ఎవరిక్కావాలండీ?"

"అలా అడక్కూడదు," అన్నాడు భట్టు మెల్లగా. "కూర్చో. ఒక రాజుగారి బిరుదులు అయ్యాయి. తర్వాతాయనవి మొదలెట్టే ముందు నా గొంతుక్కాస్త సెలవు."

ఆ సెలవులో దీపస్తంభం చరిత్ర మొత్తం బయటికొచ్చింది. మొదట్లో ఇక్కడ స్తంభమే లేదు. ఈ నల్ల అరుగు, దానిమీద ఒక ఇనపతట్ట, అంతే. పొద్దు వాలగానే జాలర్లు అందులో కొబ్బరిమట్టలు వేసి మంటపెట్టేవాళ్ళు, ఓడలు చూసుకుని తప్పుకుపోయేవి. పని అంత మామూలుగా జరిగిపోతుంటే రాజుగారి గొప్పతనం ఎవరికి తెలుస్తుంది? అందుకని ఒక రాజుగారు ఎర్రరాతి అంతస్తు కట్టించి, ఒక మాంత్రికుణ్ణి పిలిపించి, ఈ కంచు ముఖం చేయించారు. రాజుగారి బిరుదులు తప్పుల్లేకుండా, నిదానంగా వింటే తప్ప అది నోరు తెరవదు. నోట్లోంచే పైకి మెట్లు. అప్పుడు బిరుదు ఒకటే, దమ్ము పట్టి అనేలోపు అయిపోయేది. తర్వాతి రాజుగారు ఒక అంతస్తు వేశారు, కొన్ని బిరుదులు చేర్చారు. ఆ తర్వాతాయనా అంతే. దీపం కాస్త ఆలస్యంగా వెలగడం మొదలైంది. ఒకరోజు మిరియాల ఓడ ఒకటి కోరల మీదికెక్కి ముక్కలైంది.

"పాపం," అన్నాడు కొమరన.

"పాపమేంటి? శత్రుదేశపు ఓడ. మన రాజ్యం ఒడ్డున, మన రాళ్ళకి తగిలి మునిగింది. రాజధానిలో విజయోత్సవం చేశారు. మిరియనౌకామర్దన అని బిరుదొచ్చింది." భట్టు కషాయం కేసి చూశాడు. "ఇదీ ఆ మిరియమే. ఘాటు ఇంకా పోలేదు."

ఓడ పగిలితే ఒక బిరుదు. బిరుదు చేరితే దీపం ఇంకాస్త ఆలస్యం. దీపం ఆలస్యమైతే ఇంకో ఓడ. అలా పెరిగి పెరిగి, ఇప్పటి ఉద్దండకీర్తి మహారాజు కాలానికి, మధ్యాహ్నం భోంచేసి మొదలుపెడితే తెల్లారేసరికి బిరుదులు పూర్తవుతున్నాయి. సరిగ్గా సూర్యుడు పైకొచ్చే వేళకి దీపం వెలుగుతుంది. వెలుగుతుందని భట్టు ప్రమాణం చేసి చెప్పగలడు, ఎండలో కనబడదు గానీ.

"ఈ మాట రాజుగారికి ఎవరూ చెప్పలేదా?"

"ఏమని? తమ బిరుదులు ఎక్కువైపోయాయనా? చెప్పినాయన ఒకాయన ఉన్నాడు. చాన్నాళ్ళు ఆయన తల ఆ ఎర్ర అంతస్తు మీద ఉండేది. ఇప్పుడక్కడ పావురాలుంటున్నాయి." భట్టు శాలువ సర్దుకుని మళ్ళీ ముఖం వైపు తిరిగాడు. "సముద్రగర్వాపహారక, శంఖచక్రవర్తిమండలేశ్వర..."

కొమరన ఇంక వినలేదు. నోరు తెరవకపోతే ముక్కో చెవో చూసుకోవాలన్నట్టు స్తంభం వెనక్కి పోయి, మత్స్యకన్య జడ పట్టుకుని పైకెక్కడం మొదలుపెట్టాడు. తెరచాప కొయ్యలెక్కినవాడికి గోడ ఒక లెక్కా. తిమింగలం తోక మీంచి ఎర్ర అంతస్తు దాటాడు. పావురాలు లేచిపోయాయి. పాలరాయి మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉండాల్సిన రాయి వెచ్చగా ఉంది. తలెత్తి చూస్తే రాతి ఏనుగు ఒకటి కనురెప్పలు ఆడించింది. ఆ ఏనుగుల్నీ కంచు ముఖం చేసిన ఆ పాత మాంత్రికుడే చేశాడు, బిరుదులు వినకుండా పైకి పోయేవాళ్ళ కోసం. తొండం సర్రున కిందికొచ్చి కొమరన నడుముకి చుట్టుకుంది, ఒకసారి ఊపింది, దీవి, సముద్రం, ఆకాశం, మళ్ళీ దీవి కనబడ్డాయి, ఇంకోసారి ఊపి వదిలేసింది.

అదే ఎండుచేపల కుప్ప. ఈసారి కాళ్ళు కిందికే ఉన్నాయి.

"పట్టుకోండ్రా వాణ్ణి," అని కేక వినబడింది. దీవి కావలికి అధికారి దళవాయి బొప్పన, బొజ్జ మీద కవచం ముడి పడక దాన్ని చేత్తో పట్టుకుని, భటులతో పరిగెత్తుకొస్తున్నాడు. కొమరన లేచి ఇళ్ళ మధ్య సందుల్లోకి దూరాడు. ఒక వంటింట్లోంచి పోయాడు, ఒక గొడ్లచావిట్లోంచి పోయాడు, చెక్క అప్సరస చేతుల మీది చీర ఒకటి లాక్కుని ముసుగేసుకున్నాడు. ఇద్దరు భటులు "అమ్మా, ఇటెవరైనా పోయారా?" అనడిగారు. చెయ్యి ఎటో చూపించాడు. వాళ్ళు అటు పోయారు. అక్కడ చీర పారేసి, అరుగెక్కి, భట్టు పక్కనున్న మూటలోంచి ఇంకో ఎర్ర తలపాగా, ఇంకో శాలువ తీసుకుని చుట్టుకుని, కళ్ళు అరమూసి కూర్చున్నాడు. భట్టు వారగా చూశాడు గానీ బిరుదు మధ్యలో ఉన్నాడు, ఆపడానికి లేదు.

బొప్పన రొప్పుతూ వచ్చాడు. "భట్టుగారూ, ఈయనెవరు?"

"శిష్యుణ్ణండీ," అన్నాడు కొమరన గొంతు బొంగురు చేసి.

"చేపల కంపు కొడుతూ ఒకడు ఇటుగా వచ్చాడా?"

"ఈ దీవిలో చేపల కంపు కొట్టనివాడెవడో చెప్పండి దళవాయిగారూ, వాణ్ణే వెతుకుదాం."

బొప్పన తన భుజం తానే వాసన చూసుకుని, అది నిజమేనని ఒప్పుకున్నట్టు తలూపి, పని ఉన్నట్టుగా అక్కడే నిలబడ్డాడు. పొద్దు సముద్రాన్ని తాకింది. దూరంగా, నీళ్ళ మీద గోరంత తెరచాప ఒకటి కనబడింది. కొమరన ఆ తెరచాపని ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాడు. దానికి ఎర్రబట్ట అతుకు వేసింది తనే.

భట్టు ఇంకో రాజుగారి బిరుదులు ముగించి కషాయం అందుకున్నాడు.

"భట్టుగారూ," అన్నాడు కొమరన గబగబా, "కొత్త రాజు వస్తే ఏం చేస్తారు?"

"కొత్త రాజుగారు ఇక్కడికే వేంచేస్తారు. ముఖం నోటి దగ్గర చెయ్యి పెట్టి పేరు చెబుతారు. జనం వంగి దణ్ణం పెడతారు. ఆయన రాజని ముఖం ఒప్పుకుంటుంది."

"మరి బిరుదులు?"

"పెద్దలవన్నీ చదివి, చివర్న ఆయనవి చేర్చి..."

"పెద్దలవి కూడా చదవమని ముఖం అడిగిందా?"

భట్టు చెంబు నోటి దగ్గరే ఆగిపోయింది. ఆయన తండ్రి చదివాడు, తాత చదివాడు, తాతకి వాళ్ళ తాత నేర్పాడు. ముఖం ఏం అడిగిందో వాళ్ళలో ఎవరూ అడగలేదు.

"అడగలేదనుకో," అన్నాడు చివరికి. "అడక్కముందే చదవడం మర్యాద కదా నాయనా."

కొమరన లేచి తిన్నగా పోయి ముఖం పెదాల మధ్య చెయ్యి పెట్టాడు. బొప్పన బల్లెం ఎత్తాడు. కంచు కళ్ళు తెరుచుకున్నాయి.

"ఎవరది?" గుళ్ళో పెద్దగంట మాట్లాడినట్టుంది గొంతు.

"కొమరన. కొత్త రాజుని."

పెదాలు మణికట్టు చుట్టూ బిగుసుకున్నాయి. నొప్పి భుజం దాకా పాకింది. "రాజువైతే దణ్ణం పెట్టేవాడొకడుండాలి. లేకపోతే ఈ చెయ్యి నాది."

ఆ ముఖాన్ని చేసిన మాంత్రికుడికి రాజనీతి పెద్దగా తెలియదు. రాజుల్ని దూరం నుంచి చూసినంతలో, వాళ్ళకీ మామూలు మనుషులకీ ఉన్న తేడా అదొక్కటేనని అతనికి అనిపించింది, అదే షరతుగా పెట్టేశాడు.

కొమరన బొప్పన వైపు చూశాడు. బొప్పన ఆకాశం వైపు చూశాడు. కొమరన భట్టు వైపు చూశాడు.

"భట్టుగారూ. ఆ పడవలో మా అక్కుంది."

పింగళభట్టు సముద్రం కేసి చూశాడు, ఆ మసకచీకట్లో తెరచాప కనబడిందో లేదో. తర్వాత తీరిగ్గా, ఎవరికో లెక్క చెబుతున్నట్టు అన్నాడు. "పెళ్ళైన నాటి రాత్రి కూడా ఇక్కడే కూర్చుని బిరుదులు చదివాను. మా ఆవిడ ఇప్పటికీ నేను వెలుతుర్లోనే బావుంటానంటుంది. చీకట్లో చూడలేదుగా." చెంబు కింద పెట్టాడు. మోకాళ్ళు పట్టుకుని లేచాడు. తలపాగా తీసి చంకలో పెట్టుకుని, నడుం వంగినంత మేరకి వంగి, కొమరనకి దణ్ణం పెట్టాడు. "మా రాజుగారు," అన్నాడు ముఖంతో.

ముఖం పట్టు సడలించింది. "కొత్త రాజుగారి బిరుదులు వినిపించండి."

"ఏం లేవు," అన్నాడు కొమరన.

"ఏం లేవా?"

"ఇంకా రాలేదు. ఇవాళే మొదలు."

ముఖం చాలాసేపు ఆలోచించింది. దానికి పనిలో చేరాక ఇలాంటి రాజు తగల్లేదు. కనుబొమలు పైకి పోయాయి, కిందికొచ్చాయి. వినాల్సింది ఏమీ లేదు కాబట్టి, విన్నట్టే లెక్క. కిర్రుమని నోరు తెరుచుకుంది.

కొమరన అందులోకి దూకి మెట్లెక్కాడు. ఎర్ర అంతస్తు, పాలరాయి, పచ్చరాయి, ఊపిరందలేదు, నీలంరాయి, తల తిరిగింది, స్ఫటికమండపం. మధ్యలో బావి అంత ప్రమిద, అందులో నిండుగా నూనె, తొండమంత వత్తి, చుట్టూ ముఖం చూసుకునేంత నున్నటి కంచు అద్దాలు. మూలనున్న నిప్పుగుంటలోంచి కాగడా వెలిగించి వత్తికి తగిలించాడు. వత్తి ముందు నమ్మలేదు. పుట్టిన దగ్గర్నుంచి దానికి చీకట్లో వెలిగిన అనుభవం లేదు. రెండుసార్లు చిటపటలాడి, అప్పుడు, ఇన్నేళ్ళ బాకీ ఒక్కసారే తీర్చేస్తున్నట్టు భగ్గుమంది.

వెలుగు అద్దాల మీంచి సముద్రం మీదికి బంగారు జలతారులా పరుచుకుంది. కెరటాల కింద మొసలికోరలు ఒక్కొక్కటే బయటపడ్డాయి, నల్లగా, పాచి పట్టి, వాడిగా. వాటి మధ్య దారి, పాపిడి తీసినట్టు, సన్నగా తెల్లగా మెరిసింది. అక్క పడవ ఒక కోర మీదికి సూటిగా పోతోంది. ఆఖరి క్షణంలో తెడ్డు తిరిగింది. పడవ పక్క రాయిని రాసుకుంటూ, ఒరిగి, నిలబడి, పాపిట్లోకి జారింది. కింద ఇళ్ళలోంచి జనం బయటికొచ్చారు. తమ దీవి రాత్రిపూట ఎలా ఉంటుందో వాళ్ళలో చాలామంది చూడటం ఇదే మొదలు. ఒకావిడ ఓడ చుక్కానితో చేసిన తన వాకిలి తలుపుని ఆ వెలుగులో చూసి, దానిమీది చెయ్యి ఎందుకో తీసేసింది.

కొమరన పిట్టగోడ మీదికి వంగాడు. పడవ రేవులో ఆగింది. ఆడవాళ్ళు దిగుతున్నారు, అందరూ ఉన్నారు. ముత్యాలు మాత్రం దిగలేదు. తెడ్డు భుజాన వేసుకుని, తలెత్తి, ఊరంతా వినేలా అరిచింది.

"ఒరే కొమరా, దీపం ఆర్పెయ్‌రా."

"ఇప్పుడేగా అక్కా వెలిగించిందీ."

"వెనక చూడరా మొద్దూ."

చూశాడు. పాపిట్లోకి, అదే వెలుగు పట్టుకుని, అంతే సాఫీగా, నల్ల ఓడ ఒకటి వస్తోంది. ముందుభాగాన పొగ కక్కుతూ ధూమకంఠుడు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, దారి చూపినవాళ్ళని మెచ్చుకుంటున్నట్టు తలాడిస్తున్నాడు. దీపం ఎవరి పడవైనా ఒకటే అనుకుంటుంది. దానికి బిరుదులు పట్టింపు గానీ పేర్లు పట్టింపు లేదు.

కొమరన వత్తి మీద శాలువ విసిరాడు. శాలువ కాలి బూడిదైంది, వెలుగు కాస్త పెరిగింది. కింద కంచు ముఖం దగ్గర్నుంచి ఆ గంట గొంతు పైకొచ్చింది. "రాజుగారు స్వయంగా వెలిగించిన దీపం తెల్లారేదాకా ఆరదు. శాసనం."

"ఆరదంటక్కా," అని అరిచాడు. "రాజుగారు వెలిగించింది తెల్లారేదాకా ఆరదంట."

"ఏ రాజురా?"

కొమరన కిందికి చూశాడు. కింద అరుగు మీద భట్టు శాలువ నెత్తిన కప్పుకుని ఇంటిదారి పట్టాడు. దళవాయి బొప్పన బల్లెం సగం ఎత్తి, అది పొడవడానికో వందనానికో తేల్చుకోలేక, అలాగే పట్టుకుని ఉన్నాడు.

"నేనే అక్కా," అన్నాడు.

ముత్యాలు ఒక్క క్షణం అతన్నీ, ఒక్క క్షణం స్తంభాన్నీ చూసింది. నల్ల ఓడ రెండో కోర దాటింది. ఆమె పడవలో ఇంకో తెడ్డు కాలితో పైకి లేపి చేత్తో అందుకుంది.

"సరే, దిగు మహారాజా," అంది. "తెడ్డు పట్టు."